మూడు వేళ్ల పట్టు

ఆమె చనిపోయిందన్న సంగతి నాకు బోధన్ బస్టాండులో తెలిసింది. తహసీలు ఆఫీసు ముందు కూర్చుని దస్తావేజులు రాసే మనిషి ఒకాయన నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "గా మూడు వేళ్ల మేడం పోయింది సార్, ఎరుకేనా? నెల దాటింది. జరమొచ్చింది, దవాఖానకు పొమ్మంటే ఇనకపాయె. మీ తాననే గద పని నేర్చుకున్నది?" అన్నాడు.

అవునన్నాను. నిజామాబాద్ బస్సు వచ్చి నా ముందే ఆగింది. ఎక్కలేకపోయాను. అది పోయాక అక్కడే సిమెంటు బల్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

పేరు రాయను. ఆమెను ఎరిగినవాళ్లకు అక్కర లేదు, ఎరగనివాళ్లకు ఉపయోగం లేదు. రాస్తే అందులో ఏదో ఒక దీర్ఘం తప్పుందని ఆమే వచ్చి దిద్దేది.

తొంభైల చివర్లో నాకు నిజామాబాద్‌లో కోర్టు సందులో ఒక డీటీపీ సెంటర్ ఉండేది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక జిరాక్సు మిషను. పెండ్లి పత్రికలు, పిటిషన్లు, ఎలక్షన్లు వస్తే కరపత్రాలు. ఒకరోజు పొద్దున ఇరవై అయిదేళ్లుంటాయేమో, ఒక మనిషి లోపలికి వచ్చి నా ఎదురుగా నిలబడి, కుడి చెయ్యి టేబుల్ మీద పెట్టింది. చూపుడువేలు, నడిమి వేలు మొదలంటా లేవు. అరచేతిలో తాడులాగా ఉబ్బిన మచ్చ. ఉంగరపు వేలు సగమే వంగుతుంది. చిటికెన వేలూ బొటన వేలూ మాత్రం బాగున్నాయి.

నేను ఆ చెయ్యి వైపే చూస్తుంటే, "సూసుడు అయ్యిందా? ఇగ నేను చెప్పేది ఇను" అన్నది.

ఆమె చెప్పింది ఇంతే. కోటగిరి దగ్గర పల్లె. తండ్రి లేడు. తల్లితో కలిసి టౌనుకు వచ్చింది. తల్లి బీడీలు చుడుతుంది. తను కూడా చుట్టాలని చూసింది. ఆకు మడత పెట్టడానికి వేళ్ల కొసలు కావాలి, అవి లేవు. పదో తరగతి పాసైంది. తెలుగు బాగా వచ్చు.

"కంప్యూటర్ నేర్పియ్యి. నేర్చుకునే దాంక జీతం అడగ. నేర్చుకున్నంక ఇయ్యకపోతే ఊకోను."

ఆ "ఊకోను" అన్న మాట ఆమె నోట ఉత్త మాట కాదని నాకు పదిహేను రోజుల్లోనే తెలిసింది. ఒక కరపత్రం పని ఆలస్యమైందని ఎవరో నాయకుడి మనిషి వచ్చి గొడవ పెట్టుకున్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె చెయ్యి పట్టుకుని పైకి లేపి, "గీ చేత్తోనా మీరు పని చేసేది?" అని నాకు చూపించాడు. వాడు ఆమె చెయ్యి వదిలి, తన చెయ్యి తెరిచి ఉన్న టేబుల్ సొరుగు అంచున ఆనించుకున్నాడు. ఆమె మోకాలితో ఆ సొరుగును ఒక్క నెట్టు నెట్టింది. వాడి వేళ్లు నాలుగూ లోపల ఇరుక్కున్నాయి. వాడు అరుస్తూ ఉంటే సొరుగు అలాగే అదిమిపట్టి, "ఇప్పుడు నీ చేత్తోని ఏం పని చేస్తవో సూపియ్యి" అన్నది. నేను పరుగెత్తి లాగితే గాని వదల్లేదు. కరపత్రాలు మరునాడు ఇంకొకడు వచ్చి తీసుకుపోయాడు. ఆమె దిద్దిన వాటిలో ఒక్క అక్షరం తప్పు లేదు.

నేను ఆమెను పనిలోంచి తీసెయ్యాలనుకున్నాను. తియ్యలేదు. ఎందుకంటే ఆ సందులో అంత శుద్ధమైన తెలుగు వచ్చినవాళ్లు ఎవరూ లేరు. పెండ్లి పత్రిక ఇవ్వడానికి వచ్చినవాళ్లను కూడా వదిలేది కాదు. "నీ బిడ్డ పేరు నీకే రాయొస్తలేదు, రేపు అత్తగారింట్ల ఏమని పిలుస్తరు?" అని మొహం మీదే అనేది. వాళ్లు గింజుకునేవాళ్లు, దిద్దుకునేవాళ్లు, మళ్లీ ఇంకో పెండ్లికి ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు.

కీబోర్డుతో ఆమెకు చిక్కు రాలేదు. ఎడమ చేతి అయిదు వేళ్లూ కుడి చేతి మూడు వేళ్లూ కలిపి రెండు నెలల్లో నాకంటే వేగంగా కొట్టింది. చిక్కంతా మౌసుతో వచ్చింది. ఆ రోజుల్లో మౌసుకు తోక ఉండేది, కడుపులో రబ్బరు గోలీ ఉండేది. నా దగ్గరున్నవి చిన్నవి, వీపు ఎత్తుగా ఉండేవి, బొత్తాలు బిర్రుగా ఉండేవి. మనం చూపుడువేలితో నొక్కేదాన్ని ఆమె సగం వంగే ఉంగరపు వేలితో నొక్కాలి. ఎత్తైన వీపు సరిగ్గా ఆ మచ్చ మీద గుచ్చుకునేది. మధ్యాహ్నానికి మచ్చ పగిలేది. సాయంత్రం నేను మౌసు తుడిస్తే గుడ్డకు రక్తం అంటేది.

"ఎడమ చేత్తో పట్టుకో. బొత్తాలు అటుదిటు మారుస్త, నిమిషం పని" అన్నాను ఒకరోజు.

ఆమె నా వైపు తిరిగిన తీరు చూసి నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

"ఎడమది మంచిగనే ఉన్నది. దానికి నేర్పేది ఏమున్నది? వాళ్లు పలగొట్టింది దీన్ని. పని చెయ్యాల్సింది ఇదే."

"మరి రక్తం వస్తోంది కదా?"

"చెయ్యి తప్పు కాదన్నా, మౌసు తప్పు. వేరేది సూద్దాం పా."

బస్టాండు వెనుక కంప్యూటర్ సామాను అమ్మే దుకాణం ఒకటుండేది. ఇద్దరం పోయాం. దుకాణదారు మూడు రకాలు తీసి కౌంటరు గ్లాసు మీద పెట్టాడు. ఆమె ఒక్కొక్కటీ అరచేతి కింద పెట్టుకుని కళ్లు మూసుకుని ముందుకూ వెనక్కూ జరిపింది. ఉంగరపు వేలితో ఎడమ బొత్తాన్ని టకటకా యాభై సార్లు నొక్కింది. చిటికెన వేలితో కుడి బొత్తాన్ని యాభై సార్లు. నచ్చలేదు. ఇంకేమున్నాయని అడిగింది. వాడు ఇంకో రెండు తీశాడు. మళ్లీ అదే వరస. వాడికి విసుగొచ్చి పక్కవాడితో నవ్వుతూ, "మౌసు కొంటున్నదా, మొగన్ని కొంటున్నదా" అన్నాడు.

చేతిలో ఉన్న మౌసును ఆమె అలాగే గ్లాసు మీదకు దించింది. గ్లాసు నిలువునా పగిలింది. "గిది తేలికున్నది. పనికి రాదు" అని చెప్పి బయటికి నడిచింది. గ్లాసు నేనే వేయించాను.

ఆ తరువాతి ఆదివారం హైదరాబాద్ పోయాం. కంప్యూటర్లు అమ్మే బజారులో ఎన్నో దుకాణాలు ఎక్కి దిగాం. చివరికి ఒక పెద్ద బిల్డింగు కింద, నేల అడుగున ఉన్న చిన్న కొట్టులో ఒక ముసలాయన కనిపించాడు. ఆఫీసుల నుంచి తీసేసిన పాత కంప్యూటర్లు కొని, విప్పి, విడివిడిగా అమ్ముతాడు. తెల్లటి గడ్డం, కంటికి గడియారాలు బాగుచేసేవాళ్ల అద్దం. ఆమె చెయ్యి చూశాడు. అద్దం తీసి మళ్లీ చూశాడు.

"కిస్నే కియా, బేటీ?" అన్నాడు. ఎవరు చేశారు అని.

ఆమె "చాచా నే" అన్నది. మా కాక, చిన్నాన్న అని.

ఆయన వెనక్కి పోయి ఒక అట్టపెట్టె మోసుకొచ్చి బోర్లించాడు. తోకలు చిక్కుపడి, చచ్చిన ఎలుకల్లాగే ఉన్నాయి అవి. ఇరవై పైనే. స్టూలు వేసి, ఆమె ముందు చెక్కపలక పెట్టి, తన పని తాను చేసుకున్నాడు.

ఆమె రెండు గంటలు కూర్చుంది. ముందు వీపు చూసేది. అరచేతికి తగలకుండా వేళ్ల కిందే ఉండాలి. తరువాత బొత్తాలు. వేలు ఆనిస్తే దిగాలి, గట్టిగా ఒత్తే పని ఉండొద్దు, పక్క బొత్తాం మీదకు వేలు జారొద్దు. ఆ పైన బోర్లా తిప్పి మూత తీసి గోలీని బయటికి వేసి, లోపల తిరిగే రోలర్లను గోరుతో గీకి చూసేది. అరిగినవి పక్కన పడేసేది. చివరికి తోకను పళ్లతో పట్టుకుని లాగేది.

"అదెందుకు?" అన్నాను.

"తీగె పోనీకె నా వేళ్లకు సందు లేదు. తీగె ఒక్కోపారి చిటికెనేలుకు తట్టుకుంటది. గుంజితే ఊడద్దు."

ఆఖరికి ఒకటి మిగిలింది. వెడల్పుగా, చదునుగా, పసుపు తిరిగిన తెల్ల రంగులో ఉంది. చేతిలోకి తీసుకుంటే ఇటుక ముక్కలాగా బరువు. ముసలాయన కూడా అంత బరువైనది ఎందుకన్నాడు. ఆమె తెలుగులోనే జవాబిచ్చింది. "బరువే కావాలె. తేలికది నా కన్న ముందు ఉరుకుతది. గిది నేను పెట్టిన తాన ఉంటది." ఆయనకు ఎంత అర్థమైందో గాని తల ఊపి, మెత్తటి గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అది ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కామారెడ్డి దాకా దాని మీద వేళ్లు ఆడిస్తూనే ఉంది.

"అందరు ఏమైందని అడుగుతరన్నా. ఏమైందో కనబడుతనే ఉన్నది గద. గా ముసలాయన ఒక్కడే ఎవరు చేసిండ్రని అడిగిండు."

అప్పుడు చెప్పింది. తండ్రి పోయాక కాలువ కింద నాలుగెకరాల చెరుకు తల్లీ బిడ్డా చూసుకున్నారు. పక్క భూమి కాకది. ఆ ఎండాకాలం కాక తూము దగ్గర రాళ్లూ మట్టీ వేసి నీళ్లు మొత్తం తన దిక్కు మళ్లించుకున్నాడు. వీళ్ల చెరుకు ఎండుతోంది. పట్టపగలు, నలుగురూ చూస్తుండగానే ఆమె తూములోకి దిగి రాళ్లు తీస్తోంది. గట్టు మీద కాక పార పట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి తియ్యమన్నాడు. తియ్యనన్నది.

"ఒక్క దెబ్బ కొట్టిండు. చెయ్యి రాతి మీద ఉన్నది. గది కోపంల కొట్టిండు, నాకెరుకనే. మళ్ల పార లేపి నా ముఖం దిక్కు సూసిండు. నేను కూడ సూసిన. సూసినంక రెండోది కొట్టిండు. గా రెండోదానికే నేను కేసు పెట్టిన."

"మీ అమ్మ?"

"అవ్వ ఒర్రింది. ఉరికొస్తుంటే పట్టుకున్నరు."

"ఎవరు?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. "పట్టుకున్నరు ఎవరో" అన్నది.

ఆ బరువైన మౌసుతో ఏడాది పైన పని చేసింది. వేరే ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. రోజూ పొద్దున మూత తీసి గోలీ తుడిచి, రోలర్లకు చుట్టుకున్న దుమ్ము పుల్లతో తీసేది. మచ్చ పగలడం మానింది. బొమ్మలు గీయడం నేర్చుకుంది. పత్రికల అంచులకు తీగెలూ పువ్వులూ ఆ మూడు వేళ్లతోనే గీసేది. అలా గీస్తున్నప్పుడు మాత్రం ఆమె మొహంలో కోపం ఉండేది కాదు. నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, చిన్నపిల్లలాగా ఉండేది.

కాక మీద కేసు బోధన్ కోర్టులో నడుస్తూనే ఉంది. ఆమె సాక్ష్యం చెప్పాల్సిన వాయిదా దగ్గర పడ్డది. అప్పుడు వచ్చారు వాళ్లు.

పొద్దున పదకొండయింది. దుకాణంలో నేనూ ఆమే ఉన్నాం. నలుగురు మనుషులు లోపలికి వచ్చారు. ముందు తెల్ల పంచె, తెల్ల అంగీ వేసుకున్న పెద్దమనిషి. వెనుక ఇద్దరు దిట్టంగా ఉన్నవాళ్లు. ఆఖరున ఆమె ఈడు మనిషి ఒకడు, తల వంచుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆమె తల తిప్పి చూసి, "కూసో కాకా" అన్నది. ఎవరో గిరాకీతో అన్నట్టే అన్నది. అప్పుడు తెలిసింది నాకు ఎవరో. గుమ్మంలో ఉన్నవాడు ఆయన కొడుకు.

ఆయన కూర్చోలేదు. స్టాంపు కాగితం ఒకటి తీసి ఆమె ముందు పెట్టాడు. రాజీ పడుతున్నట్టు రాసి ఉంది. "సంతకం పెట్టు. మీ చెరుకుకు నీళ్లొస్తయి. ఇంటి ముచ్చట ఇంట్లనే ఉంటది" అన్నాడు.

ఆమె కాగితం మొత్తం చదివింది. పెన్ను తీసుకుంది. పెడుతుందేమో అనుకున్నాను. మూడు చోట్ల గుండ్రంగా గీసి కాగితం తిరిగి ఇచ్చింది.

"మూడు తప్పులున్నయి. రాజీ అన్న మాటనే తప్పు రాసిండ్రు. ఎవరి తాన టైపు కొట్టిపిచ్చినవు కాకా? మంచిగ కొట్టిపిచ్చుకొని రా. అయినా నేను పెట్ట."

ఆయన కొట్టాడు. చెంప మీద కాదు, చెవి మీద. ఆమె కుర్చీతో సహా పక్కకు పడిపోయింది. వెనుక ఇద్దరిలో ఒకడు నా అంగీ గల్లా పట్టి గోడకు అదిమాడు. రెండోవాడు మానిటర్ ఎత్తి నేలకేశాడు. గాజు బాంబులాగా పేలింది. ఇంకో మానిటర్ కూడా పోయింది. కాక ఆమె జుట్టు పట్టి పైకి లేపి, ఆ కుడి చేతిని టేబుల్ మీద పరిచి, పిడికిలితో గుద్దాడు. "మూడు మిగిలినయనే గద నీకు గింత బలుపు" అంటూ మళ్లీ గుద్దాడు. ఆమె అరవలేదు. నేనే అరిచాను. సందులో జనం పోగయ్యారు గాని ఒక్కరూ లోపలికి రాలేదు.

అప్పుడు కొడుకు కదిలాడు. "బాపూ, సాలు, ఇడిసిపెట్టు" అంటూ వచ్చి తండ్రి రెక్క పట్టి వెనక్కి లాగాడు. ఆ లాగుడుకు ఆమె చెయ్యి వదిలింది. ఆమె మౌసును అందుకుని లాగింది. కంప్యూటర్ వెనుక నుంచి తీగె ఊడి వచ్చింది. మౌసు కొసన వేలాడేలా తీగెను అరచేతికి రెండు చుట్లు చుట్టి, బొటన వేలికీ చిటికెన వేలికీ మధ్య బిగించి, చెయ్యి వెనక్కి తీసింది. కాక ముందుకు వస్తున్నాడు. కొడుకు ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డాడు, చేతులు చాపి, ఆమెకు ఎదురుగా.

నేను గోడ దగ్గరి నుంచి చూశాను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. ఆమె చెయ్యి వెనక్కి పోయాక ఆగింది. ఆమె అతని మొహం చూసింది. ఆ తరువాత విసిరింది.

అది అతని ఎడమ కంటికి తగిలింది. చప్పుడు పెద్దగా రాలేదు, తడి గుడ్డను బండకేసి కొట్టినట్టు వచ్చింది. అతను మోకాళ్ల మీద కూలిపోయాడు. రెండు చేతులతో కన్ను మూసుకుంటే వేళ్ల సందుల్లోంచి రక్తం, రక్తంతో పాటు నీళ్లలాంటిదేదో కారింది. మౌసు పగిలి, దానిలోని గోలీ గాజు ముక్కల మధ్య దొర్లుకుంటూ పోయి కాక చెప్పుకు తగిలి ఆగింది. నలుగురి ముందు పార ఎత్తిన ఆ మనిషి అప్పుడు ఆడమనిషిలాగా గుండెలు బాదుకుంటూ ఏడ్చాడు. ఆమె తీగె చేతికి చుట్టుకునే నిలబడి ఉంది. చెవిలోంచి రక్తం మెడ మీదికి కారుతోంది.

పోలీసులు ఆమెను తీసుకుపోయారు, నన్నూ పిలిచారు. దారిలో ఆమె పాత కేసు చూసే వకీలు నా చెవిలో చెప్పాడు. "ఆ చేత్తో ఏదీ గట్టిగ పట్టుకోలేదని చెప్పు. గింజుకుంటుంటే జారిపోయి తగిలింది. ఆ చెయ్యి చూస్తే ఎవరైనా నమ్ముతారు."

నేను అలాగే చెప్పాను. ఎస్సై ఆమె చెయ్యి చూసి నమ్మినట్టే ఉన్నాడు. "జారిందా అమ్మా?" అని మెత్తగానే అడిగాడు. అవునంటే అయిపోయేది.

ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో ఉన్న అసహ్యం నేను మరిచిపోలేదు. టేబుల్ మీద పగిలిన మౌసు ఉంది. ఎవరూ ఆపేలోపు దాని తీగెను వాచిపోయిన ఆ చేతికే చుట్టుకుని బిగించి, ఎస్సై ముందుకు చాపింది.

"గుంజు సార్."

ఆయన లాగాడు. రాలేదు. లేచి నిలబడి రెండు చేతులతో లాగాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, తీగె చర్మంలోకి దిగింది, పట్టు వదల్లేదు.

"జారలే. నా చెయ్యి మంచిగ పని చేస్తది. నేనే ఇసిరిన."

ఆమెను జైలుకు పంపారు. తల్లి బీడీల చాట పక్కన పెట్టి రోజూ జైలు గేటు దగ్గరికి వచ్చి కూర్చునేది. ఆ ముసలామె నన్నేమీ అడిగేది కాదు. అదే భరించలేకపోయేవాణ్ని.

పన్నెండో రోజున వకీలు పరుగెత్తుకుంటూ వచ్చాడు. దవాఖానలో కాక కొడుకు మాట్లాడే స్థితికి వచ్చాక పోలీసులు వాంగ్మూలం తీసుకున్నారు. కన్ను పోయింది. కాని ఆమె కొట్టలేదని చెప్పాడట. మానిటర్ పేలినప్పుడు గాజు ముక్క ఎగిరి గుచ్చుకుందని, మానిటర్ పగలగొట్టింది తన తండ్రి తెచ్చిన మనిషేనని, ఆమెకు ఏ సంబంధమూ లేదని. తండ్రి మంచం దగ్గరే నిలబడి బూతులు తిడుతున్నా మాట మార్చలేదట. స్టేషన్లో ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదట, ఆ వాంగ్మూలంతో ఆమె బయటికి వచ్చింది. పాత కేసు ఇంకా ఏండ్లు నడిచి కాకకు శిక్ష పడింది, అది తరువాతి సంగతి.

బయటికి వచ్చాక వారం రోజులు ఆమె దుకాణానికి రాలేదు. ఎనిమిదో రోజు వచ్చి, "అన్నా, మా ఊరికి పోవాలె. నువ్వు తోడు రా" అన్నది. ఎందుకని అడిగితే చెప్పలేదు. చంపుతారని అన్నాను. "సంపితే సంపనీ, నువ్వైతే దూరం నిలబడు" అన్నది.

కోటగిరిలో బస్సు దిగి నడిచాం. రెండు పక్కలా మనిషి ఎత్తు చెరుకు. చాలామంది మమ్మల్ని చూశారు, ఎవరూ పలకరించలేదు. కాక ఇంట్లో లేడు. కొడుకు వాకిట్లో కూర్చుని బర్రెకు చెరుకు ఆకు కత్తితో నరుకుతున్నాడు. ఎడమ కంటి మీద తెల్లటి పట్టీ. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. కత్తి చేతిలోనే ఉంది. నేను అడుగు వెనక్కి వేశాను.

"ఎందుకు గట్ల చెప్పినవు?" అన్నది ఆమె.

అతను నరికిన ఆకును కాలితో పక్కకు నెట్టాడు. తరువాత నేల చూస్తూ అన్నాడు. "తూము కాడ పెద్దమ్మను పట్టుకున్నది నేనే గద అక్కా. రెండు రెక్కలు ఇరిసి పట్టుకున్న. పెద్దమ్మ నా చెయ్యి కొరికింది. అయినా ఇడువలే."

"ఎరుక. సూసిన ఆనాడు."

"ఎన్నడు అనలే?"

"ఎవల్తోని అనాలె?"

బర్రె తల ఊపితే మెడలో గంట మోగింది. ఆమె ఇంకో అడుగు ముందుకు వేసింది. కత్తికి చేతి దూరంలో ఉంది.

"గా దినం నువ్వు మీ బాపును ఆపనీకె వచ్చినవు. నాకు కనబడ్డది. కాక అనుకొని కొట్టలే తమ్మీ. నిన్ను సూసే కొట్టిన. గది చెప్పుదామనే వచ్చిన."

అతని మొహంలో మిగిలిన కన్ను ఆమె మీదే నిలబడింది. కత్తి పట్టుకున్న చెయ్యి ఒకసారి బిగిసింది. ఆమె కదల్లేదు, కనీసం తల పక్కకు తిప్పలేదు. కొడతాడనే అనుకున్నాను. ఆమె కూడా అనుకుందని, దానికే వచ్చిందని అప్పుడు నాకు అర్థమైంది.

అతను గొంతు తగ్గించి అన్నాడు. "గీ ముచ్చట మా అవ్వకు చెప్పకక్కా. ఆమెకు నీ మీద ఇంకా పావురం, ప్రేమ ఉన్నయి."

లోపలి నుంచి ఆ మాటల చప్పుడుకే కాబోలు అతని అమ్మ, ఆమెకు చిన్నమ్మ, బయటికి వచ్చింది. పొట్టిగా, బక్కగా ఉంది. ఆమెను చూసి, చూసి, దగ్గరికి వచ్చి ఆ మూడు వేళ్ల చెయ్యి పట్టుకుంది. "ఎంత బక్కగైనవు బిడ్డా, జైల్ల బువ్వ పెట్టలేదా" అన్నది. కొడుకు కన్ను మాట ఎత్తలేదు. గాజు తగిలిందనే ఆ తల్లి నమ్ముతోంది. కూర్చోమన్నది. పళ్లెంలో అన్నమూ పప్పూ పెట్టి తెచ్చింది. నాకూ పెట్టింది.

నేను పళ్లెం పక్కకు జరిపాను. ఆమె తిన్నది. చిన్నమ్మ పక్కన కూర్చుని విసురుతుంటే, ఎదురుగా అతను ఒంటి కంటితో చూస్తుంటే, తల ఎత్తకుండా మొత్తం తిన్నది. మళ్లీ పెడితే మళ్లీ తిన్నది. వద్దని ఒక్కసారి కూడా అనలేదు.

తిరుగు బస్సు కోటగిరి దాటి కాలువ పక్కకు రాగానే ఆమె లేచి డ్రైవర్ సీటును దబదబా బాదింది. బస్సు పూర్తిగా ఆగకముందే దూకి, గట్టు మీద రెండు చేతులూ ఆనించి వంగింది. తిన్నదంతా కక్కుకుంది. ఇక ఏమీ లేకపోయినా పేగులు బయటికి వచ్చేట్టు కక్కుతూనే ఉంది. బస్సులో జనం కిటికీల్లోంచి చూస్తున్నారు. నేను నీళ్లు తెచ్చి ఇస్తే మొహం కడుక్కుని, పైటతో తుడుచుకుని, నాకన్నా ముందే బస్సెక్కి కూర్చుంది.

బస్సు కదిలింది. చాలా దూరం పోయాక, నాతోనే అన్నదో తనతోనే అన్నదో తెలియదు.

"చిన్నమ్మ బువ్వ మంచిగనే ఉండె" అన్నది.